ఏడు సముద్రాల గౌను



ఈనాటి మన ప్రసంగ విషయం కుట్టుపని, ఎంబ్రాయిడరీ. ఇందులో ఒక కథ ఉంది, కొంచెం లెక్క ఉంది, నేను చేసిన ఒక పెద్ద పొరపాటు కూడా ఉంది. అబ్బాయిలు ఇది మాకు సంబంధించిన పాఠం కాదనుకోవద్దు. మన దేశంలో కార్ఖానాల్లో మగ్గం పని చేసేవారిలో మగవారే ఎక్కువమంది. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. మధ్యలో లెక్క చేయవలసి వస్తుంది.

ముందు కథ చెప్పుకుందాం. బాలనాగమ్మ కథ మీలో చాలామంది వినే ఉంటారు. బుర్రకథలుగా, నాటకాలుగా మన పల్లెల్లో ఎంతో ప్రచారంలో ఉన్న కథ. 1942లో జెమినీ వారు సినిమాగా కూడా తీశారు. మాయల మరాఠీ బాలనాగమ్మను ఎత్తుకుపోతాడు. వాడిని చంపడం ఎవరి వల్లా కాదు. ఎందుకంటే వాడి ప్రాణం వాడి ఒంట్లో లేదు. ఏడు సముద్రాల అవతల, ఒక చిలుకలో ఉంది. బాలనాగమ్మ కొడుకు బాలవర్ధిరాజు వెళ్లి ఆ చిలుకను పట్టి తెస్తాడు, తల్లిని విడిపించుకుంటాడు. మా నాయినమ్మ ఈ కథ చెప్పేటప్పుడు ఆ చిలుక ఒక పెద్ద మర్రిచెట్టు తొర్రలో ఉండేది.

ప్రాణాన్ని ఒంటికి బయట దాచిపెట్టే కథలు ప్రపంచమంతటా ఉన్నాయి. రష్యా జానపద కథల్లో కొష్చెయ్ అనే మాంత్రికుడున్నాడు. వాడి ప్రాణం ఎక్కడుందో తెలుసా? ఒక సూది మొనలో. ఆ సూది గుడ్డులో, గుడ్డు బాతులో, బాతు కుందేలులో, కుందేలు ఒక పెట్టెలో ఉంటాయి. సూది మొన విరిగితే వాడు చస్తాడు. కుట్టుపని చేసేవారికి ఇంతకంటే దగ్గరి కథ మరొకటి ఉండదేమో!

కథ విన్నచోటు కూడా చెప్పాలి. మా పెద్దలు తెలంగాణ నుండి సూరత్ వలస వచ్చిన నేత కుటుంబం. ఒకప్పటి కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుండి బ్రతుకుతెరువు కోసం భివండీ, షోలాపూర్, సూరత్ నగరాలకు వెళ్లిన పద్మశాలి కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో వీధిలో నడుస్తుంటే తెలుగు వినబడుతుంది. అక్కడి నగరపాలక బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. మా నాన్న పవర్‌లూమ్ మీద పనిచేసేవారు. అమ్మ ఇంటి దగ్గరే చీరలకు చమ్కీలు, రాళ్లు కుట్టేది. మా చిన్నమ్మ వాళ్లు మాత్రం సూరత్‌కు తూర్పున ఉన్న బార్డోలీలో స్థిరపడ్డారు. నేను కాలేజీలో చదువుతున్న రోజుల్లో చలికాలం సెలవులకు అక్కడికి వెళ్లాను. చిన్నమ్మ కూతురు తన స్కూలు వార్షికోత్సవానికి ఒక గౌను కుట్టిపెట్టమంది. "దుకాణంలో దొరికేది వద్దక్కా. నాయినమ్మ కథలోది కావాలె" అంది.

అలా పుట్టింది ఏడు సముద్రాల గౌను. అంచు దగ్గర ఏడు వరుసల అలలు. ముందు భాగంలో నీళ్లలోంచి లేచిన మర్రిచెట్టు. దాని కొమ్మలు నడుము దాటి పైకి పాకుతాయి. ఎడమ వైపు, సరిగ్గా గుండె మీద, పచ్చని చిలుక. కాగితం మీద బొమ్మ గీయడానికి ఒక్క సాయంత్రం పట్టింది. కుట్టడానికి ఎంతకాలం పట్టిందో తరువాత చెబుతాను.

నేను చేసిన పొరపాటు

నాకు కుట్టు మిషను బాగా వచ్చు. ఆ ధీమాతో గౌను మొత్తం ముందే కుట్టేశాను. తరువాత దాన్ని ఫ్రేములో బిగించి అలలు కుట్టడం మొదలుపెట్టాను. మూడు వరుసలు పూర్తయ్యేసరికి గుడ్డ ముడతలు పడసాగింది. అతుకు దగ్గర ఒక అల పైకి, దాని పక్కది కిందికి పోయింది. అంచు ఒకచోట ఎత్తుగా, ఒకచోట వంగి నిలిచింది. పది రోజుల శ్రమ అది. గౌను మంచం మీద పరిచి చూస్తే సముద్రంలా లేదు, నలిగిన దుప్పటిలా ఉంది.

కారణం తెలుసుకుందాం. సూది గుడ్డలోకి దిగిన ప్రతిసారీ దారం గుడ్డను రవ్వంత లోపలికి లాగుతుంది. ఒక్క కుట్టుకు అది కనబడదు. వేల కుట్లు పడ్డాక గుడ్డ కొలత తగ్గిపోతుంది. కాబట్టి బరువైన ఎంబ్రాయిడరీకి ఒక నియమం ఉంది. ముందు గుడ్డ మీద గౌను భాగాల గీతలు గీయాలి. వాటి చుట్టూ అదనపు గుడ్డ ఉంచాలి. గీతల లోపల పని పూర్తి చేయాలి. ఆ తరువాత మళ్లీ కొలిచి కత్తిరించాలి. చివరనే అతకాలి.

ఇది మన కార్ఖానా పనివారికి తరతరాలుగా తెలిసిన సంగతే. 1903 నాటి ఢిల్లీ దర్బారుకు వైస్రాయి కర్జన్ భార్య మేరీ కర్జన్ ధరించిన నెమలి గౌను ప్రపంచ ప్రసిద్ధి పొందింది. దాని గుడ్డ ముక్కల మీద బంగారు, వెండి తీగలతో నెమలి ఈకలను మన దేశపు పనివారు కుట్టారు. ప్రతి ఈక కన్నులోనూ పచ్చగా మెరిసే ఒక జాతి పురుగు రెక్కను అమర్చారు. పని పూర్తయిన ముక్కలు ఓడలో ప్యారిస్ వెళ్లాయి. అక్కడ వర్త్ సంస్థ వారు వాటిని గౌనుగా అతికారు. దాని బరువు సుమారు నాలుగున్నర కిలోలు. ఇప్పుడది ఇంగ్లండులోని కెడిల్‌స్టన్ హాల్‌లో ఉంది. ధరించిన ఆమె పేరు అందరికీ తెలుసు. అతికిన సంస్థ పేరూ తెలుసు. సూది పట్టిన వేళ్లు ఎవరివో మాత్రం సామాన్యంగా ఎవరూ అడగరు. ఈ మాట గుర్తుంచుకోండి. చివరలో మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

గౌను పాడైన మర్నాడు అమ్మ సూరత్ నుండి వచ్చింది. గుడ్డను వెలుతురుకు ఎత్తి చూసింది. నన్ను ఒక్క మాట అనలేదు. "ఇప్పుదాం తియ్ బిడ్డా. గుడ్డ చినగలే" అంది. ఇద్దరం కూర్చుని మూడు రోజులు కుట్లు ఊడదీశాం. సూది రంధ్రాలు మిగిలిన భాగాన్ని పక్కన పెట్టి, కింది కుచ్చెళ్లకు కొత్త గుడ్డ కొన్నాం. మళ్లీ మొదటినుండి ప్రారంభించాం.

కొలతలు, కత్తిరింపు

ఇప్పుడు పెన్సిలు తీసుకోండి. గౌను కింది భాగం ఎనిమిది కలీలతో కుట్టాం. కలీ అంటే పైన సన్నగా, కింద వెడల్పుగా ఉండే ముక్క. మా చెల్లెలి నడుము 68 సెంటీమీటర్లు. ఊపిరి పీల్చడానికి, కూర్చోవడానికి 4 సెంటీమీటర్ల వదులు కలిపితే 72. దాన్ని 8తో భాగిస్తే ఒక్కో కలీ పై వెడల్పు 9 సెంటీమీటర్లు. కింది ఘేరు 360 అనుకున్నాం. అంటే ఒక్కో కలీ కింది వెడల్పు 45. పొడవు 100. అతుకుకు ఇరువైపులా ఒకటిన్నర చొప్పున కలిపితే పైన 12, కింద 48 అవుతుంది. ఎంబ్రాయిడరీకి లాగే గుడ్డ కోసం చుట్టూ మరో 3 సెంటీమీటర్లు వదలాలి. 112 సెంటీమీటర్ల పన్నా గుడ్డలో ఇవి పక్కపక్కన రెండే పడతాయి. కాబట్టి కలీలకు నాలుగున్నర మీటర్లు, పై భాగానికి ఒక మీటరు తీసుకున్నాం. శాటిన్ వంటి మెరిసే గుడ్డయితే ముక్కలన్నీ ఒకే దిశలో వేయాలి. ఒకటి తలకిందులైతే వెలుతురులో రంగు వేరుగా కనిపిస్తుంది.

ఇక్కడ మీ గణితం ఉపయోగపడుతుంది. కలీ మధ్య గీత పొడవు 100. పక్క అంచు ఏటవాలుగా దిగుతుంది. ఒక్కో పక్కకు 18 సెంటీమీటర్లు వాలుతుంది కనుక, పైథాగరస్ సూత్రం ప్రకారం పక్క అంచు పొడవు 101.6 వస్తుంది. కింది అంచును స్కేలుతో తిన్నగా కోస్తే గౌను ప్రతి అతుకు దగ్గర ఒకటిన్నర సెంటీమీటర్లు వేలాడుతుంది. అందుకే టేపుతో పక్క అంచు మీద కూడా 100 దగ్గరే గుర్తు పెట్టి, ఆ గుర్తులను వంపుగా కలపాలి. అలల గీతలు కూడా ఇదే వంపులో సాగాలి. నా మొదటి గౌనులో అలలు అతుకుల దగ్గర కలవకపోవడానికి ఇది రెండో కారణం.

పై భాగాన్ని ముందు కోరా గుడ్డతో కుట్టి ఒంటికి తొడిగి చూశాం. భుజం, చంక, ఛాతీ సరిచేశాక ఆ కోరా ముక్కలనే నమూనాగా వాడుకున్నాం. ఖరీదైన గుడ్డను కత్తెర తాకేముందు ఈ ఒక్క జాగ్రత్త తప్పనిసరి.

జరీ అంటే ఏమిటి?

అలలకు జరీ కావాలి. జరీకి సూరత్ పుట్టిల్లు వంటిది. సూరత్ జరీకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన కంచి, ధర్మవరం, గద్వాల చీరల అంచుల్లో మెరిసే జరీ తయారీలో సూరత్‌కు పెద్ద పాత్ర ఉంది.

అసలైన జరీకి మూలం వెండి. వెండి కడ్డీని ఒకదానికంటే ఒకటి సన్నని రంధ్రాలున్న అచ్చుల గుండా లాగుతూ పోతారు. వెంట్రుకంత సన్నని తీగ వస్తుంది. దాన్ని రోలర్ల మధ్య నొక్కి చదును చేస్తారు. ఆ చదును తీగను బాద్లా అంటారు. దాన్ని పట్టుదారం చుట్టూ చుడతారు. ఆపైన బంగారు పూత వేస్తారు. వెండికి బదులు రాగి తీగ వాడితే అది నకిలీ జరీ. పూత అరిగిన చోట లోపలి రాగి ఎర్రగా బయటపడుతుంది. మూడోది ప్లాస్టిక్ జరీ. లోహపు పూత పూసిన పాలిస్టర్ రేకును సన్నగా చీల్చి చేసే దారం అది. తేలిక, చవక, నల్లబడదు. కానీ ఇస్త్రీ వేడికి ముడుచుకుపోతుంది.

ఏది మంచిదని అడిగితే, పనినిబట్టి అని సమాధానం. మేము అలలకు ప్లాస్టిక్ జరీ వాడాం. స్కూలు పిల్ల నాట్యం చేసే గౌను తేలికగా ఉండాలి కదా! చిలుక ముక్కుకు, రెక్క అంచుకు మాత్రం నాయినమ్మ పాత పట్టుచీర అంచులోంచి తీసిన అసలు జరీ వాడాం.

కుట్లు

బొమ్మను బటర్ పేపరు మీద గీసి, గీత వెంట సూదితో దగ్గర దగ్గరగా రంధ్రాలు పొడవాలి. కాగితాన్ని గుడ్డ మీద పెట్టి, కిరోసిన్‌లో కలిపిన తెల్ల పొడిని దూదితో అద్దాలి. ముదురు గుడ్డ మీద తెల్లని చుక్కల గీత పడుతుంది. లేతరంగు గుడ్డకయితే నీలిమందు వాడతారు. ముందు చిన్న ముక్క మీద పరీక్షించకుండా దీన్ని అసలు గుడ్డకు అద్దవద్దు. కిరోసిన్ దగ్గర దీపం, పొయ్యి ఉండకూడదని వేరే చెప్పనక్కరలేదు.

గుడ్డను చెక్క చట్రానికి నలువైపులా బిగించాలి. వేలితో కొడితే డోలులా పలకాలి. దీన్నే మనవాళ్లు మగ్గం అంటారు. అందుకే ఆ పనికి మగ్గం పని అని పేరు. కొక్కెం ఉన్న ఆరీ సూదితో పైనుంచి పొడిచి, కిందినుంచి దారాన్ని అందుకుంటూ పోతే గొలుసుకుట్టు వేగంగా పడుతుంది. జరీని మాత్రం ప్రతి కుట్టుకూ గుడ్డలోంచి లాగితే పైపొర ఊడిపోతుంది. అందుకని జరీని గుడ్డ పైన పరిచి, సన్నని దారంతో అక్కడక్కడ టాకాలు వేసి నిలపాలి. అలలన్నీ అలాగే వేశాం. చెట్టు కాండానికి కాడకుట్టు, ఆకులకు నింపుడు కుట్టు, మర్రిపండ్లకు ముడికుట్టు వేశాం.

రెండు జాగ్రత్తలు చెబుతాను. అతుకు పడే చోట పూసలు, చమ్కీలు కుట్టకూడదు. మిషను సూది వాటి మీద పడితే విరిగి కంటికి తగలవచ్చు. ఇక బొమ్మ అతుకు దాటి వెళ్లవలసి ఉంటే, అతుకుకు ఇరువైపులా రెండు మూడు సెంటీమీటర్లు ఖాళీ వదిలి, భాగాలను కలిపాక చేత్తో పూరించాలి. మా మర్రికొమ్మ నడుము దాటింది అలాగే.

నేను చిలుకను ముందే కుట్టాలని తొందరపడ్డాను. చాపమీద కూర్చున్న నాయినమ్మ వారించింది. "చిలుకను గప్పుడే కుట్టకు బిడ్డా. చెట్టు నిలవడ్డంక కుట్టాలె. ఆఖరుకు పెట్టాలె పానం" అంది. ఆమె కథ దృష్టితో అందో, పని తెలిసి అందో నాకు తెలియదు. కానీ అది సరైన మాట. గౌను అతికి, ఒంటికి తొడిగి చూశాకే గుండె సరిగ్గా ఎక్కడ వస్తుందో తెలుస్తుంది. ముందే కుట్టి ఉంటే చిలుక చంకలోకి పోయేది.

శ్రమకు లెక్క

ఇప్పుడు అసలు లెక్క. అంచునుండి ఐదేసి సెంటీమీటర్ల ఎడంతో ఏడు వరుసల అలలు. కింది ఘేరు 360, నడుము 72, పొడవు 100. కాబట్టి ఒక్కో సెంటీమీటరు పైకి వెళ్లేకొద్దీ చుట్టుకొలత 2.88 తగ్గుతుంది. మొదటి వరుస 345.6, ఏడో వరుస 259.2. ఇది అంకశ్రేఢి. సగటు 302.4. ఏడింటి మొత్తం 2116.8 సెంటీమీటర్లు. అల వంపు తిరుగుతుంది కనుక నాలుగో వంతు కలపండి. సుమారు 26 మీటర్లు. గంటకు 60 సెంటీమీటర్లు కుడతామనుకుంటే అలలకే 44 గంటలు. చెట్టు, చిలుక, కత్తిరింపు, అతుకులు వేరే.

బార్డోలీలో ఆ రాత్రి ఈ లెక్క నోటుబుక్కులో వేసి అమ్మకు చూపించాను. గొప్పగా చెప్పుకుందామనే చూపించాను. అమ్మ ఆ అంకెలను కాసేపు చూసి, "నేను చీర మీద రాళ్లు కుడితే గంటకెంత పడ్తదో గిట్లనే ఎయ్యి" అంది. వేశాను. ఒక్కో చీరకు ఆమెకు ముట్టే కూలిని, దానికి పట్టే గంటలతో భాగించాను. వచ్చిన అంకె ఇక్కడ చెప్పను. ఆ రోజుల్లో నేను కాలేజీకి పోయి రావడానికి బస్సుకయ్యే ఖర్చుకంటే అది తక్కువ. ఇన్నేళ్లూ ఆ డబ్బుతోనే నా ఫీజు కట్టారు. ఆ లెక్క వేయడానికి కావలసిన గణితం నాకు ఎనిమిదో తరగతిలోనే వచ్చు. కానీ వేయాలని ఎన్నడూ తోచలేదు.

సూరత్ చీరల వ్యాపారంలో ఇంటి దగ్గర కూర్చుని రాళ్లు, చమ్కీలు, లేసులు కుట్టే ఆడవారి శ్రమ ఎంతో ఉంది. వారు కార్ఖానా హాజరు పట్టీలో ఉండరు. గంటలు ఎవరూ లెక్కపెట్టరు. కూలి ముక్కకింత అని కడతారు. ఇప్పుడు కంప్యూటరు ఎంబ్రాయిడరీ యంత్రాలు ఒకేసారి ఎన్నో చీరల మీద ఒకే బొమ్మను కుడతాయి. యంత్రం మన శత్రువు కాదు. మా నాన్న అన్నం పెట్టింది యంత్రమే. కానీ చేతిపనికి ధర నిర్ణయించేటప్పుడు యంత్రంతో పోల్చి బేరమాడడం న్యాయం కాదు.

మర్నాడు మా చెల్లెలు నన్ను బార్డోలీలోని స్వరాజ్ ఆశ్రమానికి తీసుకువెళ్లింది. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా ఘటన తరువాత సహాయ నిరాకరణను ఆపుతూ కాంగ్రెసు కార్యవర్గం తీర్మానించింది ఈ ఊళ్లోనే. రాట్నం తిప్పడం, ఖద్దరు నేయడం వంటి నిర్మాణ కార్యక్రమం చేపట్టమని ఆ తీర్మానం చెప్పింది. భూమిశిస్తును 22 శాతం పెంచినప్పుడు రైతులు 1928లో వల్లభ్‌భాయ్ పటేల్ నాయకత్వంలో శిస్తు కట్టడానికి నిరాకరించారు. చివరకు విచారణ సంఘం లెక్కలన్నీ తిరగేసి, పెంపు సుమారు 6 శాతానికి మించకూడదని తేల్చింది. వల్లభ్‌భాయ్‌కి సర్దార్ అన్న బిరుదు అక్కడి ఆడవారే ఇచ్చారని చెబుతారు. ఆ ఊరి చరిత్రలో నాకు నచ్చేది ఇదే. అన్యాయాన్ని వారు ఎదిరించింది ధైర్యంతో మాత్రమే కాదు, లెక్కతో కూడా.

వార్షికోత్సవం రోజు గౌను బాగానే ఉంది. చెల్లెలు గిర్రున తిరిగితే ఏడు వరుసలూ లేచాయి. పక్కింటావిడ నన్ను, "ఇంత కష్టపడి కుట్టావు, అమ్మితే ఎంత వస్తుంది?" అని అడిగింది. నా దగ్గర నోటుబుక్కు ఉంది కనుక గంటలు చెప్పాను. ఆవిడ నమ్మలేదు. గౌను అంచు తిప్పి, లోపలివైపు కుట్లు చూసింది. ఆ తరువాత బేరం మాట ఎత్తలేదు.

విద్యార్థులారా, మీరు చేయవలసిన పని ఒకటుంది. మీ ఇంట్లో విన్న ఒక కథను తీసుకోండి. అందులోంచి ఒక్క బొమ్మను ఎన్నుకుని చేతిరుమాలు మూలన కుట్టండి. మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం రాసుకోండి. ఆ తరువాత మీ ఇంట్లో ఉన్న పనితనపు చీర ఒకటి తీసి, దాని మీద ఎన్ని గంటలున్నాయో లెక్క కట్టండి. దాన్ని లోపలివైపు తిప్పి చూడడం మరిచిపోకండి. కుట్టినవారి చెయ్యి అక్కడే కనిపిస్తుంది.

కథలో మాంత్రికుడి ప్రాణం చిలుకలో ఉంది. గౌను ప్రాణం ఎవరో ఒకరి గంటల్లో ఉంది. అది ఎవరిదో అడిగి తెలుసుకోండి.